పాట కాలానికి అద్దం మాత్రమేనా? 1939 నుంచి 1990 దాకా తెలుగు ఉద్యమ పాట

పాతరికార్డు

"పాట సమాజానికి అద్దం" అని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు, అక్కడితో ఆగిపోతారు. ఉత్త అద్దమే అయితే దాన్ని ఆపాలని అంతమంది ఎందుకు తాపత్రయపడ్డారు? ఈ థ్రెడ్‌లో పాట ఏం చెప్పిందన్నది కాక, ఎలా పని చేసిందో మాట్లాడుకుందాం. ఏ వాయిద్యం, ఎంతమంది, ఏ బాణీ, ఏ దారిన ఊరూరూ తిరిగింది, ఎక్కడ దెబ్బతింది అన్నవి కావాలి. సొంత జ్ఞాపకాలకి వేరే థ్రెడ్ ఉంది, అవి అక్కడ.

మొదటి ఉదాహరణ నాది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’. బళ్ళారి రాఘవ రైతు. కొసరాజు రాఘవయ్య సినిమాకి పాటలు రాయడం దానితోనే మొదలు. బొబ్బిలి, వెంకటగిరి జమీందార్లు సినిమా మీద విరుచుకుపడ్డారు, కొన్ని చోట్ల ప్రదర్శనే ఆగిపోయింది. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ మట్టికరిచి అప్పటికి రెండేళ్ళే. పుండు మీద కారం చల్లినట్టయింది. తమాషా ఏమిటంటే, సినిమా తీసిన సారథి ఫిల్మ్స్ వెనక ఉన్నది చల్లపల్లి రాజా. జమీందారీని తిట్టే పాటకి పెట్టుబడి ఒక జమీందారుది!

అయితే సినిమా ఆపడం తేలిక. రీలు డబ్బా పట్టుకుంటే చాలు. తర్వాత పదేళ్ళలో వచ్చిన రూపాలకి పట్టుకోడానికి డబ్బా లేదు. అక్కడి నుంచి తెలిసినవాళ్ళు అందుకోండి.

డక్కీ

అందుకుంటున్నాను. 1943లో బొంబాయిలో ఇప్టా (కమ్యూనిస్టుల వెన్నుదన్నుతో వచ్చిన ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్) పుట్టింది, ఆంధ్రలో దాని శాఖగా ప్రజానాట్యమండలి వచ్చింది. డాక్టర్ గరికపాటి రాజారావు నడిపించారు. వాళ్ళ చేతిలో బుర్రకథ కొత్త ఆయుధమైంది. బుర్రకథకుడు షేక్ నాజర్ పేరు అందరికీ తెలుసు కాబట్టి ఆయన గొప్పతనం జోలికి పోను. బుర్రకథే ఎందుకు పనికొచ్చిందో చూడాలంటే దాని అమరిక చూడాలి.

మనుషులు ముగ్గురు. నడుమ కథకుడు. భుజం మీద తంబురా, కుడి బొటనవేలికి అందె, చేతిలో ఇంకో అందె, కాళ్ళకి గజ్జెలు. రెండు పక్కలా వంతలు, ఒక్కొక్కరి దగ్గర ఒక డక్కీ. దాన్నే గుమ్మెట అనీ బుడిగె అనీ అంటారు. కుడివైపు హాస్యం వంత, ఎడమవైపు రాజకీయం వంత. కథకుడు ఒక చరణం పాడగానే ఇద్దరూ "తందాన తాన" అంటారు. నడుమ నడుమ పాట ఆపి ముగ్గురూ వచనంలో మాట్లాడుకుంటారు.

కీలకం ఆ వచనంలోనే ఉంది. కథ పల్నాటి యుద్ధం కావచ్చు, బొబ్బిలి కావచ్చు. రాతప్రతి అడిగితే అదే చూపిస్తారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. ఆ ఊరి ధాన్యం ధరా, ఆ తాలూకాలో జరిగిన అరెస్టూ రాజకీయం వంత నోట అప్పటికప్పుడు వస్తాయి. అవి కాగితం మీద ఉండవు. అది మరీ బరువెక్కుతోందనిపిస్తే హాస్యం వంత అడ్డుపడి ఒక విసురు విసురుతాడు, జనం నవ్వుతారు, కథ మళ్ళీ పట్టాలెక్కుతుంది. పాత కథ గొడుగు కింద కొత్త వార్త నడిచిపోతుంది.

ఏం చెడుతుందో కూడా చెబుతాను. రాత్రి పది దాటాక మంచు పడితే డక్కీ తోలు సాగుతుంది, మోత మొద్దుబారుతుంది. మట్టి గుమ్మెటకి ఇది మరీ ఎక్కువ. పెట్రోమాక్స్ లైటు దగ్గర పెట్టి తోలు వెచ్చబెట్టుకోవాలి. ఎక్కువ వేడి తగిలితే చీలుతుంది, అందుకే ఒక్కో డక్కీ వంతులవారీగా కాస్తారు, రెండూ ఒకేసారి కాదు. ఆ ఖాళీని కథకుడు వచనంతో నింపుతాడు. బాగా నడిచే దళంలో ఆ ఆగడం వాయిద్యం కోసమని జనానికి తెలియదు.

గజ్జెలమోత

డక్కీ అన్నా, మంచిగ చెప్పినవ్. కానీ కృష్ణా, గుంటూరు జిల్లాల లెక్క తెలంగాణకు అట్లనే పెట్టొద్దు. ఇక్కడ సభ పెట్టాల్నంటే నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 ఉండె. పర్మిషన్ లేకుంట నలుగురు కూడితే నేరం. ముగ్గురు మనుషులు, లైటు, చుట్టూ జనం అంటే అదే సభ అయితది. బుర్రకథ వచ్చింది గానీ దాని పక్కపొంటి ఇక్కడి రూపాలు ఎక్కువ పని చేసినయి.

సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పట్టుకున్నడు. గొల్లసుద్దులకు ఏం గావాలె? గొంగడి, చేతిల కట్టె. ఇవి పసుల కాడికి పొయ్యేటోని దగ్గర ఎట్లాగూ ఉంటయి. తంబుర పట్టుకొని ఊరు దాటితే కళాకారుడని తెలుస్తది, గొంగడి కప్పుకొని దాటితే ఎవ్వడు అడుగడు. పాట అయిపోయినంక సామాను దాచేది ఉండదు.

రెండోది ఉయ్యాల పాట. బతుకమ్మకు ఆడోళ్ళు గుమిగూడుడు ఆపెటందుకు ఏ దొరకు ధైర్యం చాలది. ఒకామె పాదం అంటది, మిగిలినోళ్ళు "ఉయ్యాలో" అంటరు. పాట కొత్తదైనా ఆ పొద్దే నేర్చుకోవచ్చు, ఎందుకంటే సగం పాట ముందే వస్తది. 1946 జులై 4న రైతు పోరాటంల కడివెండిల దొడ్డి కొమురయ్య అమరుడైనంక ఆయన మీద పాటలు అంత తొందరగ పాకినయంటే కారణం ఇదే. పేపరు చదివెటోళ్ళు ఎందరుండిరి అప్పుడు?

సందేహం

చదువుతుంటే ఒక ప్రశ్న వస్తోంది. పాత బాణీలో కొత్త మాటలు పెట్టడం అంటారు కదా, అది నిజంగా ఎలా చేస్తారు? ఏ మాటైనా ఇరికించెయ్యొచ్చా? కొన్ని ఉద్యమ పాటలు ఒక్కసారి వింటే నోటికొచ్చేస్తాయి, కొన్ని కరపత్రం చదివినట్టుంటాయి. తేడా ఎక్కడుంది?

వంతపాట

సందేహం గారూ, తేడా చాలావరకు మాత్రల్లో ఉంది (పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికీ, సున్నా ఉన్నదానికీ, ఒత్తుకి ముందున్నదానికీ రెండు). పని చేసి చూపిస్తాను. కింది రెండు పాదాలు ఉదాహరణ కోసం ఇప్పుడు కట్టినవి, ఎవరి పాటా కాదు.

నాటు నాది కోత నాది ఉయ్యాలో
గింజ మాత్రమెవరిదమ్మ ఉయ్యాలో

మూడేసి మాత్రల నడక ఇది. నాటు మూడు, నాది మూడు, కోత మూడు, నాది మూడు. పాడే మనిషికి పన్నెండు, గుంపుకి "ఉయ్యాలో" ఆరు. రెండో పాదం కూడా అంతే: గింజ, మాత్ర, మెవరి, దమ్మ. ఆ ఆరు మాత్రల్లో ముందు పాడే మనిషి ఊపిరి తీసుకుంటుంది, తర్వాతి పాదం గుర్తు చేసుకుంటుంది. అప్పటికప్పుడు కట్టి పాడడానికి వీలిచ్చేది ఆ ఖాళీయే.

కట్టే వరస ఇలా ఉంటుంది. ముందు బాణీని మాటల్లేకుండా "తననా" అని నాలుగైదు సార్లు పాడుకుని అడుగు ఎక్కడ పడుతోందో పట్టుకోవాలి. తర్వాత మకుటం, అంటే గుంపు అనే ముక్క. దాన్ని మార్చకూడదు, మారిస్తే జనం ముందే నేర్చుకున్న సగం పోతుంది. ఆ తర్వాత పల్లవి. చరణాలు చివర.

ఇక ఏ మాట ఇముడుతుందో చూడండి. వెట్టి, నాగు (ధాన్యం అప్పు మీద వడ్డీ), పన్ను, దొరలు, గడిల అన్నీ మూడేసి మాత్రలే. వరసలో కూర్చోబెట్టినట్టు పడతాయి. "రజాకారు" ఆరు మాత్రలు, పైగా ఒకటి రెండు, రెండు ఒకటిగా సరిగ్గా మధ్యకి విరుగుతుంది. కాబట్టి బయటి నుంచి వచ్చిన మాటే అయినా పాటలో ఇట్టే కలిసిపోతుంది. "సర్కారోడు" ఏడు మాత్రలు. అందుకే పాడేటప్పుడు "సర్కరోడ" అని కుదించి ఆరు చేసుకుంటారు. "భూస్వామ్య" అయిదు. ఎక్కడ పెట్టినా అడుగు తప్పుతుంది. "విప్లవం" కూడా అయిదే. దాన్ని ఆరు చెయ్యాలంటే "విప్లవమ్ము" అనాలి, అంటే వెంటనే పుస్తకం వాసన. కరపత్రంలా వినిపించే పాటల్లో సగం ఇక్కడే చెడ్డాయి. రాసినవాళ్ళు భావం చూసుకున్నారు గానీ అడుగు చూసుకోలేదు.

దీనికో పర్యవసానం ఉంది. జనం నోట నిలిచిన రాజకీయ మాటలు సిద్ధాంతం ఎంచినవి కాదు, నడక ఎంచినవి. దొర, గడి, వెట్టి నిలిచాయి. వ్యవస్థ పేర్లు నిలవలేదు. ఉద్యమానికి శత్రువు ఒక మనిషిగా, ఒక ఇల్లుగా కనిపించడంలో పాటకి ఇంత పాత్ర ఉంది.

ఎదురుగాలి

లెక్కలు ముచ్చటగా ఉన్నాయి. కానీ పల్లెల్లో పాడేవాళ్ళు మాత్రలు లెక్కపెట్టుకుని పాడరు. అయిదు మాత్రల మాటని సాగదీసి ఆరు చెయ్యడం వాళ్ళకి ఒక లెక్కా? ఇది పండితుల పోస్ట్‌మార్టం.

అసలు సంగతి వేరే. పాటకి మీరంతా మోతాదుకి మించి గొప్ప కట్టబెడుతున్నారు. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలు చూడండి. తెలుగునాట పాట మీద, నాటకం మీద కమ్యూనిస్టులకున్న పట్టు ఇంకే పార్టీకీ లేదు. 196 స్థానాల్లో వాళ్ళకి దక్కినవి 15. పాట మనుషుల్ని కదిలిస్తే ఆ కదిలిన మనుషులు పోలింగ్ బూత్ దగ్గర ఏమయ్యారు?

డక్కీ

ఎదురుగాలి గారూ, సగం అంకె చెప్పారు. సీట్లు 15, ఓట్లు దాదాపు 31 శాతం. ఎదుటివైపు పార్టీలన్నీ కూటమి కట్టాయి కాబట్టి ఓట్లు సీట్లుగా మారలేదు. 31 శాతాన్ని పాట గెలిపించిందని నేననను, పాట ఓడిందని మీరు అనడానికీ వీల్లేదు.

ఇంకోటి, 1955 నాటికి ఆ పాట యంత్రాంగం ఉందా? 1948 తర్వాత కమ్యూనిస్టుల మీద నిర్బంధంలో కళాదళాలు చెల్లాచెదురయ్యాయి. తెలంగాణ రైతు పోరాటం మీద వచ్చిన ‘మాభూమి’ నాటకాన్ని నిషేధించారు. మిగిలినవాళ్ళలో చాలామంది మద్రాసు రైలెక్కారు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య నటులుగా, టి. చలపతిరావు సంగీత దర్శకుడిగా సినిమాలో స్థిరపడ్డారు. గరికపాటి రాజారావే 1953లో ‘పుట్టిల్లు’ తీశారు, జమునకి అదే తొలి సినిమా. ఊళ్ళో వంత పాడే మనిషి స్టూడియోకి వెళ్ళిపోతే ఊళ్ళో మిగిలేది శ్రోతే. మీరడిగిన ఆ మనుషులు బూత్ దగ్గర ఏమయ్యారంటే, అప్పటికి వాళ్ళు పాడడం మానేసి వినడం మొదలుపెట్టారు.

వంతపాట

సాగదీత గురించి ఒక్క మాట. సాగదీయొచ్చు, కానీ ఒక్కరే పాడేటప్పుడు. యాభైమంది కలిసి నడుస్తూ పాడేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు సాగదీస్తే రెండో చరణానికే గుంపు విడిపోతుంది. ఊరేగింపు పాటకి అడుగే తాళం. గాయకులకి లెక్క తెలియనక్కర్లేదు, వాళ్ళ కాలికి తెలుసు.

పాతరికార్డు

సినిమా వైపు తిరిగాం కాబట్టి ఇది కలుపుతాను. 1952లో కేస్కర్ కేంద్ర సమాచార మంత్రిగా ఉండగా ఆకాశవాణి సినిమా పాటల్ని దాదాపు మూసేసింది. జనం రేడియో సిలోన్ పెట్టుకున్నారు. 1957 అక్టోబరులో వివిధభారతి వచ్చేదాకా ఆ ఖాళీ అలాగే ఉంది. ఆకాశవాణిలో రాజకీయ పాటకి ఎటూ చోటు లేదు. కాబట్టి ఆ అయిదేళ్ళూ రైతు గొంతు వినిపించింది సినిమా హాల్లో, గ్రామఫోను రికార్డు మీద.

‘రైతుబిడ్డ’ తర్వాత చాలా ఏళ్ళు కనబడని కొసరాజు 1954లో ‘పెద్దమనుషులు’తో తిరిగొచ్చారు. తత్వాల బాణీలో వ్యంగ్యం, ఊరి పెద్దల మీద. మరుసటేడు ‘రోజులు మారాయి’లో మాస్టర్ వేణు సంగీతానికి, జిక్కి గొంతులో "ఏరువాకా సాగారో". భూమి ఎవరిదన్న ప్రశ్న సినిమాలో గట్టిగానే ఉంది. కానీ జనం నోట నిలిచింది ఆ ప్రశ్న కాదు, ఏరువాక ఉత్సాహం. 78 రికార్డు ఒక పక్కకి మూడు నిమిషాల చిల్లర పడుతుంది. పల్లవి, రెండు మూడు చరణాలు, వాయిద్యాలకి కొంత. డక్కీ గారు చెప్పిన రాజకీయం వంత మాట్లాడే చోటే అందులో లేదు. బుర్రకథ రెండు మూడు గంటలు. ఆ కోతలో ముందు పోయేది వచనం. రాజకీయం ఉన్నది ఆ వచనంలోనే.

తర్వాత ఒక విడ్డూరం. శ్రీశ్రీ 1970 జులై 4న పుట్టిన విరసానికి (విప్లవ రచయితల సంఘానికి) తొలి అధ్యక్షుడు. అదే మనిషి 1974లో ‘అల్లూరి సీతారామరాజు’కి రాసిన "తెలుగు వీర లేవరా"కి జాతీయ అవార్డు అందుకున్నారు. ఒకే కలం, ఒక చేత్తో సర్కారుకి శత్రువు, ఇంకో చేత్తో సర్కారు సత్కారం. యాభై ఏళ్ళ కిందటి మన్యం తిరుగుబాటు పాట అయితే అవార్డు, ఆనాటి కొండల్లో తిరుగుబాటు పాట అయితే కేసు.

జముకు

ఆ కొండల పాట దగ్గరికే వద్దాం. శ్రీకాకుళం గిరిజన పోరాటం అనగానే అందరూ గద్దర్‌తో మొదలుపెడతారు, వరస తప్పు. ముందు సుబ్బారావు పాణిగ్రాహి. బొడ్డపాడు గుళ్ళో పూజారి, జముకుల కథ చెప్పేవారు, 1969 డిసెంబరులో కాల్చి చంపబడ్డారు. "ఎరుపంటే కొందరికి భయం భయం" ఆయనదే.

జముకు చూడనివాళ్ళ కోసం. ఇత్తడి లేక చెక్క గొట్టం, ఒక మూతికి తోలు బిగిస్తారు. తోలు నడుమ చిన్న బెజ్జం పెట్టి అందులోంచి తీగ తీస్తారు. గొట్టాన్ని చంకలో ఇరికించుకుని, తీగ కొస ఒక చేత్తో లాగి పట్టి, రెండో చేత్తో చిన్న పుల్లతో మీటుతారు. లాగితే స్వరం పైకి, వదిలితే కిందికి. అంటే ఇది తాళమూ వేస్తుంది, గొంతు వెనక మూలుగూ పలికిస్తుంది. డక్కీకి ఆ మూలుగు లేదు. కథలో చావు దగ్గర తీగని మెల్లగా వదిలితే ఇంకో వాయిద్యం అక్కర్లేదు.

చెడే చోటు బెజ్జమే. తీగ ఒరుసుకుని తోలు కోసేస్తుంది. లోపలివైపు ముడి కింద బిళ్ళలాంటి అడ్డు పెట్టకపోతే కథ మధ్యలో తీగ ఊడి చేతికొస్తుంది.

వంగపండు ప్రసాదరావు ఆ ఉత్తరాంధ్ర యాసనీ, నడకనీ అందుకున్నారు. "ఏం పిల్లడో ఎల్దమొస్తవా" చూడండి. ఉద్యమంలోకి రమ్మని పిలుపు అది. కానీ రూపం సంతకో తీర్థానికో రమ్మని సరదాగా అడిగినట్టుంటుంది. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాలోకి వెళ్ళినా చెడలేదంటే కారణం ఆ పిలుపు రూపమే. వాయిద్యం పోయినా పిలుపు పోదు.

మల్లెసాల

ఇన్ని పోస్టులయ్యాయి, కొమురయ్య దగ్గర "ఆడోళ్ళు" అన్న మాట తప్పితే ఉద్యమంలో పాడిన ఆడవాళ్ళ పేరు ఒక్కటీ రాలేదు. మోటూరి ఉదయం బుర్రకథ చెప్పారు. కొండపల్లి కోటేశ్వరమ్మ ప్రజానాట్యమండలిలో పాడారు, ఆడారు. 1940లలో పెళ్ళయిన ఆడది గజ్జె కట్టి వేదికెక్కి కథ చెప్పడం అంటే పాట మొదలవకముందే రాజకీయం మొదలైనట్టు. ఏ మాట పాడిందన్నది తర్వాతి సంగతి.

ఇంకో కోణం. ఉయ్యాల, సువ్వి, నాటు పాటలు, ఈ బాణీలన్నీ ఆడవాళ్ళ పనిలోంచి వచ్చాయి. ఉద్యమ పాట అయ్యాక కవి పేరు మగవాడిది పడింది. బాణీ ఎవరిదో ఎవరూ రాయలేదు. 1980 ‘మాభూమి’ సినిమాలో సుద్దాల హనుమంతు "పల్లెటూరి పిల్లగాడా" సంధ్య పాడారు, ఆవిడ పేరే మాభూమి సంధ్య అయిపోయింది. అదొక అరుదైన సందర్భం.

గజ్జెలమోత

నిజమే అక్కా. నాటు పాట అయితే మరీ. ఒంగి నాటు వేసేటప్పుడు ఊపిరి కురచ, గందుకే పాదం కురచ. గా కురచ పాదమే తర్వాత ఊరేగింపుకు పనికొచ్చింది.

‘మాభూమి’ మాట వచ్చింది గనుక "బండెనక బండి గట్టి" సంగతి. రాసింది బండి యాదగిరి అని చెప్తరు. నలభైలల్ల పుట్టిన పాట. గౌతం ఘోష్ డైరెక్షన్, బి. నర్సింగరావు నిర్మాత, పాడింది గద్దర్. సినిమా రాకముందు ఆ పాటకు ఊరికో చరణం ఉండె. ఏ ఊరి దొర పేరు ఆ ఊరిల. గుంపు పాడే ముక్క ఒక్కటే, లోపలి చరణం మారుకుంట పోతది. సినిమా వచ్చినంక అందరికి ఒక్కటే పాఠం అయింది. లాభం ఏందంటే రాష్ట్రమంత తెలిసింది. నష్టం ఏందంటే మా ఊరి దొర పేరు పోయింది.

ఎదురుగాలి

ఇది ఒప్పుకోదగ్గ మాట. స్థిరపడిన పాట కాలాన్ని చూపించగలదు, నడిపించడం కష్టం. మారగలిగిన పాటే ఆ పూట జరిగినదాని మీద పని చేస్తుంది. కానీ అలాగైతే కేసెట్టు వచ్చాక ఉద్యమ పాట చచ్చిపోవాలి కదా? చావలేదే. పైగా 1972లో పుట్టిన జననాట్యమండలి (గద్దర్ పాడిన నక్సలైటు కళాబృందం) అజ్ఞాతంలోకి వెళ్ళిన కాలంలోనే పాటలు ఎక్కువ తిరిగాయి.

టేపురిపేరు

ఎందుకంటే కేసెట్టు రికార్డులాంటిది కాదు. గ్రామఫోను రికార్డు కంపెనీ మాత్రమే చేస్తుంది. కేసెట్టుని రెండు డెక్కులున్న ఎవరైనా చేస్తారు. పట్టుకోడానికి డబ్బా లేదని మొదటి పోస్టులో అన్నారే, కేసెట్టు విషయంలో డబ్బాలు లెక్కకి మించి ఉన్నాయి, ఫలితం ఒకటే.

కానీ కేసెట్టు పాటని మార్చేసింది కూడా. ఎవరూ కావాలని మార్చలేదు, యంత్రమే మార్చింది.

చిన్న మోనో రికార్డరులో లెవెల్ దానంతటదే సర్దుకునే సర్క్యూట్ ఉంటుంది. డప్పు దెబ్బ పడగానే అది మొత్తం లెవెల్‌ని కిందికి తొక్కేస్తుంది, మళ్ళీ మెల్లగా లేపుతుంది. ఆ లేచేలోపు పాడిన అక్షరాలు సన్నగా పడతాయి. డప్పు దగ్గర మైకు పెట్టిన పాత టేపుల్లో ప్రతి దెబ్బ తర్వాతి మాట మింగేసినట్టు ఉండేది అందుకే. డప్పుని వెనక్కి నిలబెట్టి, గాయకుడికి జానెడు దూరంలో మైకు పెడితే ఇది చాలావరకు పోతుంది. మైకు ఒక్కటే ఉన్నప్పుడు దూరమే మిక్సరు.

ఇక కాపీ మీద కాపీ. మొదటి కాపీకే హిస్ (టేపు వెనక వినిపించే బుస) సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. హెడ్ (టేపుని చదివే భాగం) టేపుకి సరిగ్గా నిలువుగా లేకపోతే పై పౌనఃపున్యాలు పోతాయి. స, శ, చ లాంటి అక్షరాల గుర్తంతా అక్కడే ఉంటుంది. నాలుగో కాపీకి వచ్చేసరికి వినేవాడు మాటని ఊహించుకుంటాడు. అతను ఊహించినట్టే పాడతాడు, అతని పాట ఇంకొకరు రికార్డు చేస్తారు. గజ్జెలమోత గారన్న ఊరికో చరణం మళ్ళీ వచ్చింది, ఈసారి టేపు అరుగుదల దారిన. పాఠాంతరాలన్నీ కవులకో గాయకులకో అంటగట్టే పరిశోధకులు ఒకసారి హెడ్ వంక చూడాలి.

వేగం కూడా చూసుకోవాలి. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. బ్యాటరీలు అయిపోవస్తున్న రికార్డరులో టేపు నెమ్మదిగా నడుస్తుంది, అలా రికార్డయినదాన్ని సరైన వేగంతో వింటే పాట పైకి ఎక్కుతుంది. 6 శాతం తేడాకి ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరలో, అంటే ఒక స్వరస్థానం పైన వినిపిస్తుంది. "గద్దర్ మొదట్లో పై శ్రుతిలో పాడేవాడు, తర్వాత దించాడు" అని టేపుల్ని బట్టి తేల్చేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి.

జముకు

టేపురిపేరు గారూ, సభల్లో గొట్టం స్పీకర్ల సంగతి కూడా కలపండి. అజ్ఞాతం తర్వాత 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో గద్దర్ పాడిన సభకి కిక్కిరిసి జనం వచ్చారు. అలాంటి చోట గొంతు ఆ చివరిదాకా ఎలా చేరుతుంది?

టేపురిపేరు

ఆ సభలో ఏ పరికరాలు వాడారో చెప్పలేం గానీ, గొట్టం స్పీకరు స్వభావం ఇది. సుమారు 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. ఢోలకు అడుగు మోత, డప్పులో బరువు పోతాయి. మిగిలేది గొంతు, గజ్జె, డప్పు మీద పుల్ల దెబ్బ. అంటే మాట స్పష్టంగా దూరం పోతుంది. మైదానంలో ఇంకో గొడవ ఉంది. స్పీకర్లు దూరదూరంగా కడితే ధ్వని సెకనుకి 340 మీటర్ల చొప్పునే నడుస్తుంది కాబట్టి, 100 మీటర్ల అవతలి స్పీకరు మోత ఇంచుమించు 0.3 సెకను ఆలస్యంగా వస్తుంది. వేగంగా పాడే పాట రెండుగా వినిపించి మాట చెడుతుంది. గద్దర్ పద్ధతిలో పాదం పాడి ఆగడం, ఒక మాట వచనంగా అనడం, "ఓ" అని దీర్ఘం తీయడం, ఇవన్నీ అలాంటి చోట మాటని కాపాడతాయి. కావాలని చేశారా, అలవాటుగా వచ్చిందా అన్నది వేరే చర్చ.

వంతపాట

ఆ ఆగడం బుర్రకథ వచనానికి వారసత్వమే అనిపిస్తుంది. గోచి, గొంగడి, గజ్జెలు, కర్ర గొల్లసుద్దుల నుంచి. రెండు రూపాలూ ఒక్క మనిషిలోకి ఎక్కాయి. దళంలో ముగ్గురు చేసే పనిని ఆయన ఒక్కడే చేశాడు: కథ, విసురు, రాజకీయం.

ఎదురుగాలి

దాని నష్టం కూడా రాయాలి. ముగ్గురి పని ఒక్కడికి చేరితే పాటకి ఒక ముఖం వస్తుంది. ముఖం వస్తే గురి దొరుకుతుంది, 1997లో ఆయన మీద కాల్పులు జరిగాయి. బతుకమ్మ చుట్టూ తిరిగే వందమందిలో ఎవరు పాట కట్టారో ఎవరు చెప్పగలరు?

సర్కారు కూడా ఊరుకోలేదని గుర్తుపెట్టుకోండి. 1954లోనే కేంద్రం పాట, నాటకాల ప్రచార విభాగం పెట్టింది. తర్వాత కుటుంబ నియంత్రణ మీద బుర్రకథలు ఊరూరా చెప్పించారు. అదే తంబురా, అదే తందాన తాన. రాజకీయం వంత మాత్రం లూపు గురించి మాట్లాడాడు. రూపం ఎవరి పక్షమూ కాదు.

మల్లెసాల

మరి ఆ కథలు విని జనం లూపు వేయించుకున్నారా? అది కొలిస్తే మన ప్రశ్నకి సగం జవాబు దొరికేది. రూపం ఒకటే అయినా, ఊరు తనంతట తాను పిలిపించుకున్న దళానికీ జీపులో దిగిన దళానికీ తేడా ఉంటుంది. చందా వేసుకుని పిలిపించుకున్న కథకి జనం వంత పాడతారు. జీపు కథకి చప్పట్లు కొడతారు.

సందేహం

చివరిగా ఒకటి. పాత ఉద్యమ కేసెట్లు చాలామంది దగ్గర మూలన పడి ఉన్నాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఏది ముందు చెయ్యాలి?

టేపురిపేరు

ముందు ప్లే నొక్కకండి. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు అతుక్కుని ఉండొచ్చు, పెన్సిలు పెట్టి చేత్తో కొంచెం తిప్పి చూడండి. బిగుసుకుంటే ఆపి, డబ్బా మార్చాలి. స్క్రూలున్న డబ్బా అయితే తేలిక, అతికించిన డబ్బా అయితే అంచు వెంట చీల్చి టేపు తీసి వేరే స్క్రూల డబ్బాలో వెయ్యాలి. తిరిగితే ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటికి తిప్పండి.

60 నిమిషాల కేసెట్లు ముందు చేస్తూ చెయ్యి అలవాటు చేసుకోండి. 90 నిమిషాల వాటిలో టేపు పలచన, సాగుతుంది, తెగుతుంది. హెడ్‌నీ రబ్బరు రోలర్‌నీ ప్రతి రెండు కేసెట్లకోసారి తుడవండి. హెడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రబ్బరుకి కొంచెం సబ్బు నీళ్ళు. తర్వాత ప్లే చేస్తూ హెడ్ పక్క స్క్రూని అతి కొంచెం తిప్పండి, "స" అక్షరం అన్నిటికన్నా పదునుగా వినిపించిన చోట ఆపండి. ప్రతి కేసెట్టుకీ ఇది మళ్ళీ చెయ్యాలి, ఎందుకంటే అది రికార్డయిన యంత్రం హెడ్ ఏ వంకరలో ఉందో దానికే మీరు సరిపెట్టుకోవాలి. హిస్ తీసే సాఫ్ట్‌వేర్ ముందే వాడకండి, ముడి ఫైలు 24 బిట్‌లో విడిగా ఉంచండి. డబ్బా మీద రాసిన తేదీ, ఊరు పేరు ఫొటో తీసి అదే ఫోల్డరులో పెట్టండి. లేబుల్ మీద కవి పేరు ఉంటే అది ఉన్నదున్నట్టు ఎక్కించండి, సరిదిద్దకండి. వంద కేసెట్ల లేబుళ్ళు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఏ పాట ఎవరి పేరు మీద ఎప్పుడు మారిందో తెలుస్తుంది.